దొరగారి సామాను

"రేపటి నుంచి మనం దొరని పొద్దున్న ఇంకో అరగంట ఎక్కువ నడిపించాలి," అన్నాడు భర్త, సోఫాలో కాళ్ళు చాపుకుని ఫోన్లోంచి తలెత్తకుండా.

ఆమె వంటింటి గట్టు తుడుస్తోంది. చెయ్యి ఆపలేదు. పదహారేళ్ళ కాపురంలో ఆయన వ్యాకరణం ఆమెకు కంఠతా వచ్చేసింది. 'మనం' అన్నాడంటే ఆ పని ఆమెది. 'నేను' అన్నాడంటే ఆ పేరు ఆయనది. 'నువ్వు' అని ప్రత్యేకంగా పిలిచి మరీ అన్నాడంటే ఇంట్లో ఏదో పాడయిందని అర్థం. కొత్తలో ఈ తేడాలు తెలియక, మనం అంటే నిజంగానే ఇద్దరమూ అనుకుని చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడి ఎదురుచూసేది. ఇప్పుడు తలచుకుంటే ఆ పిల్ల మీద ఆమెకు జాలి కలగదు, కాస్త చిరాకు కలుగుతుంది.

దొర అంటే కుక్క. ఇంట్లోకి వచ్చేటప్పటికి రెండు అరచేతుల్లో పట్టేంత ఉండేది. ఇప్పుడు ముప్ఫై నాలుగు కిలోలు. నడకలో ఠీవి చూసి అత్తగారు పెట్టిన పేరది. భర్తకి షుగరుందని, రోజూ గంట నడవమని డాక్టరు చెప్పిన వారమే ఆయన దాన్ని తెచ్చాడు. కుక్క ఉంటే మనిషి నడవక చస్తాడా అని వాదించాడు. తెచ్చాక పదకొండు రోజులు నడిచాడు. పన్నెండో రోజు వాన పడింది. పదమూడో రోజు వాన వెలిసింది గానీ ఆయన నడక మళ్ళీ మొదలవలేదు. కుక్కకి ఈ సంగతులు తెలియవు కదా, అది వేళకి వచ్చి తలుపు దగ్గర నిలబడింది. ఇంట్లో అందరూ ఆమె వైపు చూశారు. అప్పటి నుంచి పొద్దున్న అయిదున్నరకి ఒకసారి, పనినుంచి వచ్చాక ఒకసారి దొరతో ఆమె నడుస్తోంది. మూడు నెలలకొకసారి పరీక్షకి వెళ్ళినప్పుడు, రోజూ నడుస్తున్నారా అని డాక్టరు అడిగితే, "మా ఇంట్లో కుక్క ఉందండీ," అని ఆయన గర్వంగా చెబుతాడు. అది అబద్ధం కాదు. నిజమూ కాదు. ఆయన మాటలు చాలామటుకు ఆ రెండింటి మధ్య ఉన్న సందులోనే కాపురం చేస్తాయి.

ఇక వీడియోల సంగతి. ఏడాదిన్నర కిందట ఓ ఆదివారం, కుక్క మెడకి బెల్టు ఎలా ఎంచుకోవాలో చెబుతూ ఆయన ఫోన్లో వీడియో తీసి పెట్టాడు. అది నలుగురే చూశారు. తర్వాతది నాలుగు వేలమంది చూశారు. ఏ తాడు కొనాలి, ఏ పట్టీ మంచిది, కారులో కుక్కని ఎలా కూర్చోబెట్టాలి, ఎండలో పాదాలకి బూట్లు వెయ్యాలా అక్కర్లేదా అని జనం అడగటం, ఈయన గొంతు సవరించుకుని చెప్పటం. చూసేవాళ్ళు ఆయన్ని గురువుగారూ అని పిలుస్తారు. బీమా ఆఫీసులో పొద్దున్నుంచి సాయంత్రందాకా ఎవరూ మాట వినని మనిషికి ఇంతమంది శిష్యులు దొరికారు. అత్తగారు ఫోను చెవి దగ్గర పెట్టుకుని మరీ వింటుంది కొడుకు మాటలు.

ఆ మాటలు ఎక్కడివో ఆమెకు తెలుసు.

ఆమె పనిచేసేది ఆస్పత్రిలో కింది అంతస్తులో, అందరూ పట్టీల గది అని పిలిచే చోట. విరిగి అతుక్కున్న నడుములకి బెల్టులు, వాలిపోయే మెడలకి కాలర్లు, వంకర తిరిగిన పిల్లల పాదాలకి ఊతాలు కొలిచి, కత్తిరించి, అమర్చి పంపటం ఆమె పని. పద్దెనిమిదేళ్ళుగా చేస్తోంది. చర్మాన్ని చూసి పట్టీ ఎక్కడ ఒరుసుకుంటోందో చెప్పగలదు. మనిషి రెండడుగులు వేస్తే చాలు, నొప్పి ఎటువైపు దాచుకున్నాడో చెప్పగలదు. ఆమె మూడు వారాలు కూర్చుని సరిచేసిన ఊతం వేసుకుని ఓ పాప మొదటిసారి గది ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచినరోజున, ఆ పాప తండ్రి వెళ్ళి పెద్ద డాక్టరుగారి కాళ్ళకి దణ్ణం పెట్టాడు. డాక్టరుగారు కాగితం మీద సంతకం పెట్టడానికి అప్పుడే కిందికి దిగారు. "మా అమ్మాయి చేతులు కూడా మంచివేలెండి," అన్నాడాయన ఉదారంగా. నలభై రెండేళ్ళ అమ్మాయి. సొమ్మొకడిది సోకొకడిది అని ఊరికే అన్నారా పెద్దలు.

దొరని నడిపిస్తూ గమనించినవి ఆమె అన్నం తినేటప్పుడు చెప్పేది. మెడబెల్టుతో లాగితే గొంతు నొక్కుకుంటుంది, దగ్గుతోంది చూశారా. పట్టీ ఎముక మీద కూర్చోకూడదు, కండ మీద కూర్చోవాలి. ముందుకాళ్ళ కింద ఒరుసుకుంటే అక్కడ బొచ్చు పలచబడుతుంది, అది చూసి కొలత మార్చాలి. చెప్పిన నాలుగోరోజున అదే మాట ఫోన్లో వినిపించేది, ముందు "నా అనుభవంలో" అని తగిలించుకుని. మొదట్లో ఆమెకు సంతోషంగానే ఉండేది. తన మాట నాలుగువేలమంది విన్నారు కదా అనుకునేది. తన మాట ఎవరి నోట్లోంచి వస్తేనేం, కుక్కలు సుఖపడితే చాలు అనుకునేది. ఇంత మంచితనం తనకు ఎక్కడ అంటుకుందో, జలుబులాగా, అని ఇప్పుడు ఆశ్చర్యపోతుంది. మంచితనం కాదది. ఒక మగవాడు తన మాటని వాడుకోవటమే తన మాటకి దక్కే గౌరవం అనుకునే అలవాటు. ఆ అలవాటును చూస్తే ఆమెకు ఆయనకన్నా తన మీదే ఎక్కువ రోత.

మొన్న చలికాలంలో ఓ కంపెనీవాళ్ళు చక్రంలోంచి సాగుతూ వచ్చే తాడొకటి పంపించారు. మీట నొక్కితే ఆగుతుంది, వదిలితే అయిదు గజాలు సాగుతుంది. ఇంత బరువున్న కుక్కకి అది పనికిరాదని ఆమె చెప్పింది. వాళ్ళు ప్రేమగా పంపారు, వాడకపోతే బాగుండదు అన్నాడు ఆయన. మూడోరోజు దొర గోడమీద పిల్లిని చూసింది. తాడు సాగినంతా సాగి ఒక్కసారి బిగుసుకుంది, పిడి ఆమె మణికట్టును మెలితిప్పింది. ఆరోజు పట్టీల గదిలో ఆమె ఎడమచేత్తో తన కుడిచేతికి తనే కొలత తీసుకుని, తనే కట్టు కట్టుకుంది. ఇంటికొస్తే భర్త ఆ చెయ్యిని అటూ ఇటూ తిప్పి చూసి, "నీకు పట్టుకోవటం తెలియలేదు," అన్నాడు. అత్తగారు, ఆడపని కాదు కదా అది, అంది. అంటే ఆ పని రేపటి నుంచి మగవాడు చేస్తాడని కాదు. పని ఆడదానిదే, చేతకాకపోవటం కూడా ఆడదానిదే అని. తర్వాతి ఆదివారం గురువుగారు కొత్త వీడియో పెట్టారు: తాడు పట్టుకోవటంలో ఆడవాళ్ళు చేసే అయిదు తప్పులు. అంతవరకు ఆయన చేసినవాటిలో జనం అన్నిటికన్నా ఎక్కువగా చూసింది అదే.

ఆ వీడియో చూసే కొండమీది విడిదివాళ్ళు పిలిచారు. కుక్కలతో సహా వచ్చి దిగే చోటట. మూడు రోజులు ఉచితంగా ఉండొచ్చు, బదులుగా కుక్కతో ప్రయాణానికి ఏమేం కావాలో అక్కడే వీడియో తియ్యాలి. భర్త ఇంటిల్లిపాదికీ చాటాడు. అత్తగారు వస్తానంది. ఆడపడుచు, భర్తకి పెద్దక్క, పిలవకుండానే పెట్టె సర్దింది. ఆమె ఆస్పత్రిలో మూడురోజుల సెలవు అడిగింది. రెండేళ్ళలో అడిగిన మొదటి సెలవది. మా అమ్మాయికి కూడా విహారయాత్రలు వచ్చాయన్నమాట అని పెద్ద డాక్టరు నవ్వి సంతకం పెట్టాడు.

శనివారం మధ్యాహ్నం సామాను కొనటానికి వెళ్ళారు. పొడవాటి షాపు, రెండువైపులా తాళ్ళు, పట్టీలు, బుట్టలు, రబ్బరు బొమ్మలు. లోపల కొత్త తోలువాసన. షాపు నడిపేది యాభై దాటిన ఆవిడ, ముక్కు మీద కళ్ళజోడు, మాటకి ముందు కాసేపు చూసే అలవాటు. భర్త గోడంతా కలియజూసి ఎర్రటి ఛాతీ పట్టీ ఒకటి తీశాడు. కెమెరాలో ఎరుపు బాగా పడుతుందట. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని, పర్సులోంచి టేపు తీసి దొర రొమ్ము చుట్టుకొలత, మెడ కింది నుంచి ముందుకాళ్ళ మధ్యదాకా పొడవు, కూర్చుంటే తల ఎత్తు కొలిచింది. షాపావిడ ప్రశ్నలన్నీ ఆయన్నే అడుగుతోంది, కుక్క లాగుతుందా, మెట్లు ఎక్కుతుందా, కారులో వాంతి చేసుకుంటుందా అని. ఆయన అసలు లాగదండీ అన్నాడు. కిందినుంచి ఆమె, ఎడమవైపు లాగుతుంది, అంది. మెట్లా, హాయిగా ఎక్కుతుంది అన్నాడు. ఎక్కుతుంది, దిగటానికి భయపడుతుంది, అంది ఆమె. కారులో మొదటి మలుపుల్లో నురగ కక్కుతుంది, పొద్దున్న ఏమీ పెట్టకూడదు. నాలుగో ప్రశ్నకి షాపావిడ ఆయన వైపు చూడటం మానేసింది.

"నడిపించేది ఎవరండీ?" అంది.

"మేమే," అన్నాడు భర్త.

షాపావిడ వంగి ఆయన బూట్లు చూసింది. పెట్టెలోంచి తీసినంత తెల్లగా ఉన్నాయి. తర్వాత కింద కూర్చున్న మనిషి మణికట్టు చూసింది. లోపలికి వెళ్ళి రెండు మూడు తాళ్ళు తెచ్చి, ఏదమ్మా నీ చెయ్యి, అని అడిగి తీసుకుంది. వేళ్ళు మూయించి, పిడికిలి ఎంత వస్తుందో తన అరచేతిలో పెట్టుకుని చూసి, ఒక తాడు పక్కన పెట్టేసి రెండోది ఇచ్చింది. కుక్కకి పట్టీ ఎంత ముఖ్యమో పట్టుకునే చేతికి పిడి అంత ముఖ్యం, ఇది మెత్తగా ఉంటుంది, నడుముకి తగిలించుకుంటే మణికట్టు మీద భారం పడదు అంది. పద్దెనిమిదేళ్ళుగా రోజుకి పాతికమందికి కొలతలు తీసే మనిషి, తనకి ఎవరైనా కొలత తియ్యటం ఎలా ఉంటుందో ఆ షాపులో, ఆ కుక్కల సామాన్ల మధ్య తెలుసుకుంది. చెయ్యి కాసేపు అక్కడే వదిలేసింది.

"మనం కొనేది కుక్కకి," అన్నాడు భర్త, టైము చూసుకుంటూ.

తాడు ఆయన ఎంచిందే కొన్నారు. ఎర్రది, పట్టీకి సరిజోడుగా ఉంటుందని. మిగిలినవన్నీ ఆమె ఎంచినవి: మడతపెట్టే నీళ్ళగిన్నె, సీటుబెల్టుకి తగిలించే కొక్కెం, వాడి పారేసే సంచుల కట్ట, ఇంటి వాసన ఉండేలా దొర పాత దుప్పటి పట్టే పరుపు. మూతికి చిక్కం అక్కర్లేదంది, దొర ఎవర్నీ కరవదు. ప్రయాణపు పెట్టె మాత్రం భర్త పట్టుబట్టాడు. కారుకి సీటుబెల్టు కొక్కెం చాలని షాపావిడా చెప్పింది, ఆమె కూడా చెప్పింది. విడిదివాళ్ళకి పెట్టె చూపించాలి, పెట్టె ఉంటేనే ప్రయాణంలా కనిపిస్తుంది అన్నాడు ఆయన. పెట్టె కొంటే మరి కుక్క అందులో లేచి నిలబడాలి, వెనక్కి తిరగాలి, కాళ్ళు చాపుకు పడుకోవాలి, అంతకన్నా చిన్నది హింస అంది షాపావిడ. దొర కొలతకి వచ్చింది షాపులో అన్నిటికన్నా పెద్దది. అదీ ఆమే కొలిచి తేల్చింది.

సోమవారం పొద్దున్న కారు దగ్గర ఆ పెట్టె వెనకసీటు మూడు వంతుల్లో రెండు వంతులు మింగేసింది. ముందుసీట్లో అత్తగారు అప్పటికే కూర్చుని ఉంది, మోకాళ్ళ నొప్పులు కదా. స్టీరింగు ముందు భర్త. మిగిలిన ఒక్క వంతు సీటు పక్కన తలుపు పట్టుకుని ఆడపడుచు. సంచులన్నీ మోసుకొచ్చి డిక్కీలో సర్ది, తలుపు వేసి, ముందుకొచ్చి చూసేసరికి ఆమెకు లెక్క అర్థమైంది. పెట్టె కారు పైన కట్టేద్దాం, కొక్కెం కొన్నాం కదా, దొర మధ్యలో కూర్చుంటుంది, నేను పక్కన సర్దుకుంటాను అని చెప్పింది. దారి మధ్యలో కూడా వీడియో తియ్యాలి, కుక్క పెట్టెలో ఉన్నట్టు కనిపించాలి, వాళ్ళు పిలిచిందే దానికి అన్నాడు భర్త. ఆడపడుచు, పోనీ నేను మానేస్తాలే, అంది తలుపుమీది చెయ్యి తియ్యకుండానే.

"తనకి బస్సు అలవాటే కదరా," అంది అత్తగారు, అద్దం దించి. "రోజూ ఆస్పత్రికి వెళ్ళేది బస్సులోనేగా."

నాలుగు గంటల ప్రయాణమే, కిటికీ పక్కన కూర్చుంటే కొండలు చూసుకుంటూ రావొచ్చు, కారు నడపక్కర్లేకపోతే నేనే బస్సెక్కేవాణ్ణి అని భర్త ఓదార్చాడు. సాయంత్రం అయిదింటికల్లా అక్కడ ఉండు, వెలుగుండగానే దొర నడక తియ్యాలి, నువ్వు లేకపోతే అది కదలదు అని మరీ మరీ చెప్పాడు. తను లేకపోతే కదలదు. తనకి మాత్రం సీటు లేదు. ఆమె దొరని పెట్టెలోకి ఎక్కించి, దుప్పటి సర్ది, ఛాతీ పట్టీ కింద రెండు వేళ్ళు దూర్చి చూసి, గొళ్ళెం పెట్టింది. దొర లోపల లేచి నిలబడింది, చుట్టూ తిరిగింది, పడుకుంది. కథల్లో అయితే ఇక్కడ ఆడది తన బతుకును ఆ పెట్టెతో పోల్చుకుని కళ్ళు తుడుచుకుంటుంది. ఆమెకు కన్నీళ్ళు రాలేదు. పోల్చుకోవటానికి ఏముంది గనక? దొరకి కొలత తీసి మరీ చోటిచ్చారు.

ఎర్ర తాడు కిటికీలోంచి వేలాడుతుంటే కారు సందు మలుపు తిరిగింది. ఆమె సంచి భుజాన వేసుకుని బస్టాండుకి నడిచింది.

కిటికీ పక్కన సీటు దొరికిన మాట నిజమే. కొండలు ఇంకా దూరాన నీలంగా ఉండగానే, బస్సు ఓసారి దగ్గి, ఓసారి వణికి, రోడ్డు పక్కన చింతచెట్ల కింద ఆగిపోయింది. డ్రైవరు దిగి ఇంజను మూత తీశాడు, ఆవిరి కొట్టింది. పక్కూరి నుంచి మెకానిక్కు రావాలి, రెండు గంటలైనా పడుతుంది అన్నాడు కండక్టరు. నడివయసు మనిషి, తప్పంతా తనదే అయినట్టు అందరికీ పేరుపేరునా చెప్పుకుంటూ తిరిగాడు. జనం దిగి నీడల్లోకి చేరారు. ఎదురుగా రేకులకప్పు టీ కొట్టు ఉంది. ఆమె బల్లమీద కూర్చుని టీ తెప్పించుకుంది. ఎవరికీ కలిపి ఇవ్వకుండా, ఎవరి కప్పు ఖాళీ అయిందో చూడకుండా తాగిన టీ. మరీ పలచగా ఉంది. అయినా అమృతంలా ఉంది.

మొదటి ఫోను ఒంటిగంటకి వచ్చింది. దొర నీళ్ళగిన్నె ఎక్కడ పెట్టావ్ అని. నీలం సంచి, పక్క జేబు. రెండోది అత్తగారి మధ్యాహ్నం మాత్ర గురించి. తెల్లదా, పసుప్పచ్చదా? పసుప్పచ్చది. మూడోది చేసేసరికి వాళ్ళు విడిదికి చేరిపోయారు, పట్టీ విప్పి మళ్ళీ తొడుగుతున్నారు కాబోలు, ముందుకాలు ఏ కన్నంలోంచి రావాలి అని అడిగాడు. చెప్పి, "బస్సు ఆగిపోయింది," అంది ఆమె. తనే అంది, ఎలా ఉంటుందో చూద్దామని.

"అవునా," అన్నాడు భర్త. "సరే గానీ, ఆ నల్ల బకిలు వీపు మీదికి రావాలా, పొట్ట కిందికా?"

నాలుగో ఫోను ఆడపడుచుది. తన చెప్పుల సంచి నువ్వు సర్దావా అని అడిగింది. అయిదోది ఫోను కాదు, ఫొటో. పట్టీ తలకిందులుగా తొడిగి, ఛాతీ మీద ఉండాల్సిన పట్టె గొంతుకి అడ్డంగా బిగించి, పక్కన గురువుగారు బొటనవేలు పైకెత్తి నవ్వుతున్నాడు. దొర నవ్వటం లేదు. చెవులు వెనక్కి పెట్టుకుంది. ఆమెకు ఒళ్ళు మండింది. వెంటనే ఫోను చేసి, అది తియ్యండి ముందు, గొంతు నొక్కుకుంటోంది, అని ఒక్కొక్క మెట్టూ చెప్పింది. తల ముందు, తర్వాత ఎడమకాలు, తర్వాత పొట్ట కింద బకిలు, తర్వాత వేళ్ళు దూర్చి చూడటం. ఆవలి నుంచి ఆయన ఊఁ, ఊఁ అంటున్నాడు. అంటూనే పక్కన ఎవరితోనో, ఇప్పుడు మీకు తొడగటం చూపిస్తాను, నా అనుభవంలో జనం చేసే పెద్ద తప్పు ఏమిటంటే, అని మొదలుపెట్టాడు. ఆమె మాట ఆమె చెవిలోకే ఆయన గొంతుతో తిరిగొచ్చింది, ఒక్క క్షణం ఆలస్యంగా.

అయిదు సార్లు. ఎక్కడున్నావ్ అని ఒక్కరూ అడగలేదు. ఎండలో ఉన్నావా, ఏమన్నా తిన్నావా, ఇంకెవరైనా ఉన్నారా తోడు, ఏమీ లేదు. బస్సు లోయలో పడినా బకిలు ఎటువైపో చెప్పి మరీ పడాలేమో. ఆమెకు నవ్వొచ్చింది. కోపం రావాల్సిన చోట నవ్వు రావటం ఏమిటని తనని తనే చూసుకుంది. కోపం రావాలంటే అవతల మనిషి కాస్తన్నా ఎత్తులో ఉండాలి. ఆయన మీద కోపగించుకున్న రోజులు ఉండేవి, వంటింట్లో గిన్నెలు మోగిన రోజులు, ఏడుస్తూ పడుకున్న రోజులు. అవన్నీ ఒకరకంగా ఆయనకిచ్చిన గౌరవాలే. ఇప్పుడు ఆ బల్లమీద కూర్చుని, తలకిందుల పట్టీ పక్కన బొటనవేలెత్తిన ఆ మొహాన్ని ఫోన్లో పెద్దది చేసి చూస్తే, ఈ మనిషికి తను భయపడిందా, ఈ మనిషి మెచ్చుకోవాలని రెండేళ్ళు అన్నం దగ్గర పాఠాలు చెప్పిందా అనిపించింది. అయినా ఆయనొక్కణ్ణే అని ఏం లాభం? ఆ గురువుగారిని కూర్చుని కుట్టింది తనే. కొలత తీసి, కత్తిరించి, ఎక్కడ ఒరుసుకుంటుందో చూసి మెత్తగా సరిచేసి, నిలబడలేని మనిషిని నాలుగువేలమంది ముందు నిలబెట్టింది. పట్టీల గదిలో చేసే పనే. ఒక్కటే తేడా, అక్కడ ఊతం ఇచ్చేది నిజంగా నడవాలనుకునేవాళ్ళకి.

మెకానిక్కు వచ్చాడు. నూనె చేతులతో ఇంజనులో తల దూర్చి చాలాసేపు ఏదో చేశాడు. ఇంజను మొదటిసారి మొరాయించి రెండోసారి పలికింది. చెట్ల కింద చెల్లాచెదురైన జనం హమ్మయ్య అనుకుంటూ లేచి, సంచులు దులుపుకుని బస్సెక్కారు. కండక్టరు తలలు లెక్కపెట్టుకుని, ఒకటి తక్కువైతే కొట్టు వైపు చూసి, "అమ్మా, రండి, మీ సీటు అలాగే ఉంచాను," అన్నాడు. ఆరోజు ఆమెతో సీటు ఉంచామని చెప్పిన మనిషి అతనొక్కడే. అందుకే అతనికి మర్యాదగా, దగ్గరికి వెళ్ళి మరీ చెప్పింది, తను రావటం లేదని, ఎదురుచూడొద్దని. బస్సెక్కి, పైనుంచి సంచి అందుకుని దిగింది. ఒంట్లో బాగాలేదా అని అడిగాడతను. బాగానే ఉంది అంది. బస్సు కొండలవైపు వెళ్ళిపోయాక ఆమె రోడ్డు దాటి అవతలి వైపుకి వచ్చింది. వెనక్కి వెళ్ళే బస్సులు అటువైపు ఆగుతాయి. రాతిదిమ్మె మీద సంచి పెట్టి, దాని పక్కన కూర్చుంది. చేతిలో మూడు రోజులున్నాయి, సంతకం పెట్టి ఇచ్చినవి. ఇల్లంతా ఖాళీ. పొద్దున్న ఏడింటి వరకు పడుకోవచ్చు. ఆ ఆలోచనే ఎంత కొత్తగా ఉందంటే, దానితో ఏం చెయ్యాలో తెలియక కాసేపు అలాగే పట్టుకుని కూర్చుంది.

ఆరో ఫోను అయిదింటికి వచ్చింది. ఈసారి గొంతులో గురువుగారు లేడు. దొర గేటు దగ్గర కూర్చుందట. రోడ్డు వైపు చూస్తూ కూర్చుందట, ఎంత లాగినా లేవటం లేదట. విడిదివాళ్ళు కెమెరా పెట్టుకుని నిలబడ్డారు, వెలుగు పోతోంది, పరువు పోయేలా ఉంది అన్నాడు. దొర పేరు వినగానే ఆమె గుండె ఒక్కక్షణం మెత్తబడింది. దానికి మాత్రం ఏం పాపం తెలుసు. అందుకే ఓపిగ్గా చెప్పింది.

"తాడు లాగొద్దు. వదులుగా పట్టుకుని దాని పక్కన నేల మీద కూర్చోండి. పేరు పెట్టి పిలవొద్దు, బిస్కెట్లు చూపించొద్దు, ఊరికే కూర్చోండి. గంట పట్టొచ్చు. అది లేచినప్పుడు మీరూ లేవండి, ఎటు వెళ్తే అటు నడవండి. రేపు పొద్దున్న అయిదున్నరకీ అంతే. ఇంటికొచ్చాక కూడా రోజూ అంతే."

"నేల మీదా," అన్నాడు భర్త. తెల్లబూట్లు చూసుకుని ఉంటాడు. తర్వాత, ఆఖరి మాటలు చెవిన పడనట్టే, "అదంతా నువ్వొచ్చి చూసుకుందువు గానీ, ఇంతకీ ఎక్కడున్నావ్? ఆ బస్సు ఇంకా బాగవలేదా?" అన్నాడు.

"గంటైంది బాగయి," అంది ఆమె.